నల్లరాయి నుంచి ఐదో దశాంశం దాకా: ఒక డైకు వయసు కొలవబోయిన నా అనుభవం

మహబూబ్‌నగర్ దాటి దక్షిణంగా వెళ్తుంటే, లేత బూడిదరంగు గ్రానైటు గుట్టల మధ్య అక్కడక్కడ నల్లని బండల వరుసలు కనిపిస్తాయి. ఎవరో తాడు పట్టి పేర్చినట్టు తిన్నగా, పొలాలనూ బాటలనూ లెక్కచేయకుండా అవి మైళ్ల దూరం సాగిపోతాయి. గ్రానైటు పగుళ్లలోకి లోతు నుంచి ఎగదన్నుకొచ్చిన శిలాద్రవం అక్కడే గట్టిపడి ఏర్పడిన ఈ నిలువు గోడలను భూవిజ్ఞానంలో డైకులు అంటారు. వాటిలోని రాయి డోలరైట్. వంటింటి గట్టుకు వేసే బ్లాక్ గ్రానైటు చాలాసార్లు ఈ జాతి రాయే. నేను మొదటిసారి ఆ వరుస మీద సుత్తి వేసిన రోజు, పక్క పొలం రైతు వచ్చి, "ఈ నల్లబండలకు అవుతల ఎంత లోతు ఏసినా బోరు పడదు మేడం, ఇవుతలైతే నీళ్లుంటయి" అన్నాడు. డైకు భూగర్భజలానికి అడ్డుకట్టగా నిలుస్తుందని మేము పుస్తకంలో చదువుకున్నది ఆయనకు బోరు ఖర్చు లెక్కలో తెలుసు.

ఆ డైకు వయసు ఎంత, అది పుట్టిన మాంటిల్ (భూమి పైపొర కింద ఉండే మందపాటి రాతిపొర) ఎటువంటిది అన్నది తేల్చడమే నా పీహెచ్‌డీ పని. మహబూబ్‌నగర్ ఉన్న తూర్పు ధార్వాడ్ ప్రాంతంలోని డైకులన్నీ ఒకే కాలానివి కావు. సుమారు 237 కోట్ల ఏళ్ల కిందటి కుటుంబం ఒకటి ఉంది. మహబూబ్‌నగర్ ప్రాంతపు డైకులకు సమేరియం-నియోడిమియం పద్ధతిలో సుమారు 217 కోట్ల ఏళ్లు అని 1990లలోనే ప్రచురితమైంది. కడప బేసిన్‌లో పులివెందుల దగ్గరి సిల్లుకు (డైకులా నిలువుగా కాక, పొరల మధ్య అడ్డంగా గట్టిపడిన శిలాద్రవం) యురేనియం-సీసం పద్ధతిలో సుమారు 188.5 కోట్ల ఏళ్లు వచ్చింది. నా డైకు వీటిలో ఏ కుటుంబానిది? ప్రశ్న ఇంత చిన్నదే.

ఒకే మూలకానికి వేర్వేరు ద్రవ్యరాశులున్న రూపాలను ఐసోటోపులు అంటారు. సమేరియం-147 అనే ఐసోటోపు క్రమంగా నియోడిమియం-143గా మారుతుంది. దాని అర్ధాయువు 10,600 కోట్ల సంవత్సరాలు, అంటే భూమి వయసుకు 23 రెట్లకు పైగా. ఇంత నిదానంగా నడిచే గడియారంలో 20 కోట్ల ఏళ్ల తేడాను చదవాలంటే ఏం కావాలో ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూశాను. నా రాళ్లలోనూ, వాటి నుంచి వేరు చేసిన ప్లాజియోక్లేజ్, పైరాక్సీన్ ఖనిజాలలోనూ సమేరియం-నియోడిమియం నిష్పత్తి మారే పరిధి సుమారు 0.06. ఆ పరిధి మొత్తం మీద 237 కోట్ల కుటుంబానికీ 217 కోట్ల కుటుంబానికీ నియోడిమియం-143, 144ల నిష్పత్తిలో వచ్చే తేడా 0.00008 మాత్రమే. నా నాలుగేళ్ల పని అంతా ఆ ఐదో దశాంశ స్థానం కోసమే నడిచింది.

రాయి ఏరడం నుంచే జాగ్రత్త మొదలవుతుంది. పైన తుప్పురంగుకు తిరిగిన పొరను కొట్టి పారేసి, లోపల సుత్తి దెబ్బకు ఖంగున మోగే నల్లని ముక్కలను మాత్రమే, ఒక్కో చోట మూడు నాలుగు కిలోలు, గుడ్డసంచుల్లో వేసుకున్నాను. తెచ్చిన 22 నమూనాలను దవడ క్రషర్‌లో బఠాణీ గింజంత ముక్కలు చేసి, సుత్తి ఉక్కు అంటిన ముక్కలను భూతద్దంతో చూసి ఏరివేశాను. ఆ తర్వాత వాటిని 200 మెష్ జల్లెడలో పడేంత మెత్తగా పొడి చేయాలి. మా ల్యాబులోని అగేటు (క్వార్ట్జు జాతి గట్టి రాయి) మిల్లు దగ్గర క్యూ పెద్దగా ఉండటంతో, వేరే చోట ఖాళీగా ఉన్న మిల్లులో రెండు రోజుల్లో పని ముగించుకొచ్చి, తెలివైన పని చేశానని సంతోషించాను. ఆ సంతోషం ఎలా ముగిసిందో తర్వాత చెబుతాను.

పొడిని ద్రవంగా మార్చడం ఈ పనిలో అన్నిటికంటే ఓపిక కోరే భాగం. సిలికేట్ రాయిని లొంగదీయగలిగిన ఆమ్లం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒక్కటే, దానితో పరాచికాలు పనికిరావు. గాఢ నైట్రిక్ ఆమ్లం చర్మం మీద పడితే వెంటనే మంట పుట్టి హెచ్చరిస్తుంది. ఇది కొంత పలుచగా ఉంటే నొప్పి లేకుండానే లోపలికి ఇంకి, శరీరంలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. అందుకే ఫ్యూమ్ హుడ్ పక్కన, చేయి చాస్తే అందే చోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబు ఎప్పుడూ ఉంటుంది. ల్యాబులో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న టెక్నీషియన్ గారు నాకు మొదటి రోజు నేర్పింది ఆమ్లం పోయడం కాదు. రెండు జతల గ్లోవ్స్ వేసుకొని, పై జతను తిరగేస్తూ తీయడం, జెల్ మూతను ఒంటి చేత్తో విప్పడం. అది పదిసార్లు చేయించాకే సీసా ముట్టనిచ్చారు.

పద్ధతి ఇలా సాగుతుంది. 50 మి.గ్రా. పొడిని టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్ పాత్రలో తూచి, హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్ ఆమ్లాలను 7:3 పాళ్లలో కలిపిన మిశ్రమం 10 మి.లీ. పోసి, మూత బిగించి, 150 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద 48 గంటలు ఉంచుతాము. మూత తీశాక ఒకటి రెండు చుక్కలు పెర్‌క్లోరిక్ ఆమ్లం వేసి పూర్తిగా ఆవిరి చేస్తే, మొండి ఫ్లోరైడ్లు విరిగి, అడుగున లేత పసుపు పచ్చని పేస్టు మిగులుతుంది. దాన్ని నీళ్లూ నైట్రిక్ ఆమ్లమూ సమపాళ్లలో ఉన్న ద్రవంలో కరిగించి, రోడియం ద్రావణం కొలిచి కలిపి, 250 మి.లీ. వరకు నింపుతాము. పాత్రను వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే నీళ్లంత తేటగా కనబడాలి. అడుగున నలుసంత తెల్లదనం కనిపించినా అది కరగని ఫ్లోరైడే కావచ్చు. సమేరియం, నియోడిమియంల కుటుంబమైన రేర్ ఎర్త్ మూలకాలు ఆ తెలుపులోనే దాక్కుంటాయి కనుక మళ్లీ మొదటికి వెళ్లవలసిందే.

రోడియం ఎందుకంటే, మామూలు రాళ్లలో అది దాదాపు ఉండదు, దానికి సహజంగా 103 ద్రవ్యరాశి గల ఒకే ఒక్క ఐసోటోపు ఉంది. మూలకాలను వాటి ద్రవ్యరాశిని బట్టి లెక్కపెట్టే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో, ప్రతి సీసాలోనూ సమానంగా వేసిన ఆ రోడియం సంకేతం మధ్యాహ్నానికి పది శాతం పడిపోతే, మిగతా మూలకాల సంకేతాలను ఆ మేరకు సవరించుకోవచ్చు. తెలియని ఊళ్లో మనవాడొకడు ఉండటం లాంటిది. కానీ ఆ మనవాడి మీద కూడా ఒక కన్ను వేయాలి: స్ట్రాన్షియం-87 ఒక ఆక్సిజన్‌తో జతకడితే సరిగ్గా 103 అవుతుంది, రెండు ఆవేశాలున్న సీసం-206 కూడా యంత్రానికి 103గానే కనిపిస్తుంది.

50 మి.గ్రా. పొడిని 250 మి.లీ.లోకి పలచన చేయడమంటే 5,000 రెట్లు. సరిచూసుకోవడానికి ప్రపంచమంతటా వాడే, విలువలు ముందే తెలిసిన బీహెచ్‌వీఓ-2 అనే ప్రమాణ నమూనాలో లుటేషియం అనే రేర్ ఎర్త్ మూలకం 0.27 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.27 భాగం) ఉంటుంది. అంటే నా చిటికెడు పొడిలో దాని బరువు 13.5 నానోగ్రాములు, పలచన చేశాక మిల్లీలీటరుకు 0.054 నానోగ్రాము. ఆ సంఖ్యను మొదటిసారి నోటుబుక్కులో రాసుకున్నప్పుడు దశాంశ బిందువు తప్పు పెట్టానేమోనని మూడుసార్లు లెక్క తిరగవేశాను. ఆ ప్రమాణ నమూనా హవాయిలో కిలావేయా అగ్నిపర్వతపు హలేమౌమౌ బిలం నుంచి 1919లో పొర్లిన లావా నుంచి సేకరించినది. మా యంత్రాలకు తాత లాంటి మాస్ స్పెక్ట్రోగ్రాఫును బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్టన్ తయారు చేసిందీ ఆ ఏడాదే. యాదృచ్ఛికమే గానీ, ప్రతి బ్యాచ్‌లో ఆ సీసా మీద పేరు రాస్తున్నప్పుడు నాకు అది గుర్తొస్తుంది.

ఐసీపీ-ఎంఎస్ యంత్రం నిజానికి తొందరపాటు మనిషి. పీల్చుకున్న ద్రవాన్ని పొగమంచుగా చేసి, సుమారు 6,000 నుంచి 10,000 డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలోకి ఊదుతుంది. అందులో అణువులు విడిపోయి పరమాణువులవుతాయి, పరమాణువులు అయాన్లవుతాయి. ఒక మిల్లీమీటరు రంధ్రం ఉన్న నికెల్ శంకువు గుండా అవి శూన్యంలోకి చొరబడతాయి. నాలుగు కడ్డీల మధ్య విద్యుత్ క్షేత్రాన్ని మారుస్తూ యంత్రం ఒక్కో ద్రవ్యరాశినీ దాటనిచ్చి లెక్కపెడుతుంది. ఒక నమూనాలోని దాదాపు 40 మూలకాలు నాలుగైదు నిమిషాల్లో తేలిపోతాయి. దాని వెనుక నెలన్నర నా చేతులు పడ్డ శ్రమ ఉంటుంది. పెద్ద సిలిండరు ఆర్గాన్ కూడా ఏడు గంటలకు మించి రాదు కాబట్టి, మధ్యలో ప్లాస్మా ఆరిపోకుండా ఉదయం యంత్రం వెలిగించక ముందే సిలిండర్ల పీడనం చూసుకోవడం అలవాటైంది. ఒకసారి చూసుకోలేదు. 19వ నమూనా దగ్గర ఆ నీలి వెలుగు టప్పున ఆరిపోయింది, రోజంతా వృథా అయింది.

నాకు ఎక్కువగా నేర్పింది యంత్రం కాదు, యంత్రం పొరబడే తీరు. దానికి మూలకం పేరు తెలియదు, ద్రవ్యరాశి మాత్రమే తెలుసు. బేరియం-135 ఆక్సిజన్‌తో కలిస్తే 151, అది యూరోపియం. బేరియం-137 ఆక్సైడు 153, అదీ యూరోపియమే. రాయిలో బేరియం వందల పీపీఎం ఉండి, యూరోపియం ఒకటి రెండు పీపీఎం ఉన్నప్పుడు ఆక్సైడు శాతం కాస్త పెరిగినా, లేని యూరోపియాన్ని సృష్టించి, యూరోపియాన్ని ఇష్టంగా ఇముడ్చుకునే ప్లాజియోక్లేజ్ గురించి పేజీలు రాయించగలదు. అందుకే కొలత మొదలుపెట్టే ముందు సీరియం ఆక్సైడు, సీరియంల నిష్పత్తి రెండు మూడు శాతం లోపు ఉండేలా గ్యాసు ప్రవాహాన్నీ టార్చ్ స్థానాన్నీ సరిచేస్తాము. అది దాటితే ఆ రోజు కొలతలు లేవు.

ఇప్పుడు మిల్లు సంగతి. మొదటి బ్యాచ్ ఫలితాలు రాగానే గ్రాఫులు గీశాను. రేర్ ఎర్త్ రేఖలు ముచ్చటగా సమాంతరంగా వచ్చాయి. నయోబియం పక్కన టాంటలం మాత్రం ప్రతి నమూనాలోనూ శిఖరంలా లేచింది. మాంటిల్ నుంచి వచ్చే బసాల్టు జాతి రాళ్లలో నయోబియం-టాంటలం నిష్పత్తి సాధారణంగా 15 నుంచి 17 వరకు ఉంటుంది, నాకు 5కు దగ్గరగా వచ్చింది. వారం రోజులు పుస్తకాలు తిరగేసి, లోతు మాంటిల్‌లో ఏ ఖనిజం టాంటలాన్ని ఇలా పోగు చేయగలదో ఒక సిద్ధాంతం అల్లి, పన్నెండు స్లైడ్లతో సెమినార్‌కు సిద్ధమయ్యాను. మా సీనియర్ శాస్త్రవేత్త మేడమ్ మూడో స్లైడు దగ్గరే చేయి ఎత్తి, "కోబాల్టు ఎంత?" అని అడిగారు. ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ ఉంది. "టంగ్‌స్టన్ కొలిచావా?" కొలవలేదు. "ఏ మిల్లులో పట్టించావమ్మా?"

గదిలో ఎవరూ నవ్వలేదు. ఈ తప్పు అక్కడ ఉన్నవాళ్లలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు చేసినదే. నేను వాడిన మిల్లు గిన్నె టంగ్‌స్టన్ కార్బైడుది. దాన్ని గట్టిగా పట్టి ఉంచేది కోబాల్టు, అందులో టాంటలం కార్బైడు కూడా కొంత కలిసి ఉంటుంది. డోలరైట్ గట్టి రాయి, గిన్నెను అది కూడా నూరింది. మర్నాడు మిగిలిన ద్రావణాల్లో టంగ్‌స్టన్ కొలిస్తే వందల పీపీఎంలలో వచ్చింది, నా రాయిలో ఒక పీపీఎం కూడా ఉండకూడని మూలకం అది. నేను మాంటిల్ అనుకొని చదివింది మిల్లు గిన్నె. యంత్రం ఇచ్చిన సంఖ్యలన్నీ నిజమే, సీసాలో ఉన్నదాన్నే అది కొలిచింది. ఆ ఉన్నది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవలసినది నేను.

దాచిపెట్టుకున్న ముక్కల నుంచి మళ్లీ అగేటులో పొడి చేశాను. మిల్లు దొరకని రోజుల్లో అగేటు కల్వంలో చేత్తోనే నూరాను. ఒక్కో నమూనాకు రెండు గంటలు, భుజం పట్టేసేది. మధ్యలో స్వచ్ఛమైన క్వార్ట్జు నూరి కల్వాన్ని కడగడం, తర్వాతి నమూనా తొలి చిటికెడు పొడిని నూరి పారేయడం, అన్నీ చాదస్తంగా చేశాను. ఈసారి నిష్పత్తి 16 దగ్గర నిలిచింది. చెప్పుకోవడానికి ఆ అంకెలో విశేషం ఏమీ లేదు, నాకు మాత్రం అంత అందమైన మామూలు సంఖ్య అంతకు ముందెప్పుడూ కనిపించలేదు.

రెండో పాఠం గ్రానైటు నేర్పింది. డైకు పైకి వస్తూ గ్రానైటును కొంత కరిగించుకుందా అని తేల్చడానికి చుట్టూ ఉన్న గ్రానైటును కూడా అదే పద్ధతిలో కరిగించాను. ద్రావణం తేటగానే ఉంది. ప్రమాణ నమూనా బీహెచ్‌వీఓ-2 అన్ని మూలకాలకూ సరైన విలువలు ఇచ్చింది. జిర్కోనియం, హాఫ్నియంల నిష్పత్తి కూడా 36 చుట్టూ, ఉండవలసినట్టే ఉంది. అయినా అదే పొడికి, ఆమ్లంలో కరిగించకుండా ఎక్స్‌రేలతో కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో 190 పీపీఎం వచ్చిన జిర్కోనియం నా దగ్గర 70 దాటలేదు. కారణం జిర్కోనియం ఉండే మొండి ఖనిజమైన జిర్కాన్ గింజలు. మూత పెట్టినా పెద్దగా పీడనం నిలవని పాత్రలో, 150 డిగ్రీల వేడికి అవి కరగవు. కంటికి ఆనని ధూళిగా అడుగున కూర్చుంటాయి. జిర్కోనియమూ హాఫ్నియమూ రెండూ ఆ గింజల్లోనే చిక్కుకొని ఒకే పాళ్లలో తగ్గుతాయి కనుక నిష్పత్తి చెక్కుచెదరకుండా మనల్ని నమ్మిస్తుంది. బసాల్టు ప్రమాణంలో చెప్పుకోదగిన జిర్కానే లేదు, అది సరిగ్గా రావడంలో ఆశ్చర్యం ఏముంది? పరీక్షకు రాని సబ్జెక్టులో ఫెయిలయ్యే విద్యార్థి ఉండడు. ఆ తర్వాత గ్రానైటుకు జీ-2 వంటి గ్రానైటు ప్రమాణాన్నే పక్కన పెట్టి, ఉక్కు తొడుగులో బిగించే పీడన పాత్రలో, మేము వాడుకగా బాంబు అనే దానిలో, 190 డిగ్రీల దగ్గర కరిగించాను. తక్కువ వచ్చిన బరువైన రేర్ ఎర్త్ మూలకాలు కూడా దానితో పాటే సర్దుకున్నాయి.

ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటి రెండు పాత్రల్లో పొడి వేయకుండా, మిగతా తంతంతా యథావిధిగా జరిపే ఖాళీ పాత్రను బ్లాంక్ అంటాము. ఆమ్లం, గాలి, పాత్ర గోడ, నా చేయి, ఇవన్నీ కలిసి ఎంత మూలకాన్ని చేర్చాయో చెప్పేది అదే. ఒక ఏడాది దీపావళి వారంలో తెరిచి ఆవిరి చేసిన బ్యాచ్‌లో బేరియం, స్ట్రాన్షియం బ్లాంకులు మామూలుకంటే ఎన్నో రెట్లు పెరిగాయి. ఆమ్లం సీసా మార్చాను, పాత్రలు మళ్లీ ఉడికించాను, కారణం దొరకలేదు. ఆకుపచ్చ వెలుగుకు బేరియం లవణాలూ, ఎర్ర వెలుగుకు స్ట్రాన్షియం లవణాలూ వాడతారన్న సంగతి అప్పుడు తట్టింది. ఆ మామూలు గదిలో కిటికీ సందుల గుండా వచ్చిన పొగే కారణమని నేను రుజువు చేయలేను. రెండు వారాల తర్వాత బ్లాంకు దానంతట అదే దిగింది. అప్పటి నుంచి ఆ పండుగ ముందూ వెనకా ఆవిరి చేసే పని పెట్టుకోవడం మానేశాను.

ఐసోటోపుల పని ఆ గదిలో సాగదు, దానికి శుద్ధ ప్రయోగశాల వేరే ఉంటుంది. 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని ప్రకటించిన క్లెయిర్ ప్యాటర్సన్, తన నమూనాల్లో సీసం ఎక్కడి నుంచి చొరబడుతోందో పట్టుకోవడానికి ఏళ్లు కష్టపడి, గాలినీ నీళ్లనూ ఆమ్లాలనూ అన్నిటినీ అనుమానించి, ఇటువంటి గదులకు దారి చూపాడు. మా గదిలోకి వడగట్టిన గాలి నిరంతరం నెట్టుతూ ఉంటారు. తలుపు తీస్తే గాలి బయటికి పోవాలి తప్ప లోపలికి రాకూడదు. చెప్పులు మార్చి, గౌను, టోపీ వేసుకొని వెళ్లాలి. గాజులు, ఉంగరాలు, కాటుక, పౌడరు, కుంకుమ, విభూతి ఏదీ లోపలికి రాకూడదు. శుక్రవారం గుడికి వెళ్లి నేరుగా వచ్చిన రోజు నన్ను నుదురు కడుక్కు రమ్మని వెనక్కి పంపారు. పిడకల బూడిదలో కాల్షియం వెంట స్ట్రాన్షియం కూడా ఉంటుంది, నియోడిమియంతో పాటు రుబీడియం-స్ట్రాన్షియం అనే మరో గడియారం కోసం నేను వెతుకుతున్నదీ స్ట్రాన్షియమే.

ఇక్కడ కరిగించే ముందే ప్రతి పాత్రలోనూ స్పైక్ కలుపుతాము. సమేరియం-149, నియోడిమియం-150 సహజంగా ఉండే పాళ్లకంటే చాలా ఎక్కువ ఉన్న, కచ్చితంగా తూచిన ద్రావణం అది. దీన్ని మా అమ్మకు ఇలా చెప్పాను: బస్తాలో ఎన్ని బియ్యపు గింజలున్నాయో తెలియాలంటే అన్నీ లెక్కపెట్టనక్కర్లేదు. వెయ్యి అక్షింతలు లెక్కపెట్టి వేసి, బాగా కలిపి, ఒక గుప్పెడు తీసి, అందులో పసుపు గింజలెన్ని, తెల్లవెన్ని అని చూస్తే చాలు. కలిపాక బస్తా చిల్లుపడి సగం బియ్యం కారిపోయినా ఆ పాళ్లు మారవు. నియోడిమియాన్ని వేరుచేసే క్రమంలో కొంత పోయినా నా లెక్క చెడకపోవడానికి కారణం అదే. అమ్మ వెంటనే, "సరిగ్గా కలవకపోతే?" అంది. అదే అసలు ప్రమాదం. స్పైకూ రాయీ పూర్తిగా కరిగి ఏకమయ్యేదాకా ఒక్క చుక్క కూడా పోకూడదు.

ఆ తర్వాత రెజిన్ గొట్టాలు. వేలంత లావున్న క్వార్ట్జు గొట్టంలో రెజిన్ పూసలు నింపి, నమూనాను పైన పోసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా దింపుతూ ఉంటే, ముందు రుబీడియం, తర్వాత స్ట్రాన్షియం, ఆమ్లం గాఢత పెంచాక రేర్ ఎర్త్ మూలకాలు వరుసగా బయటికి వస్తాయి. రెండో గొట్టంలో నియోడిమియం, సమేరియంలను విడదీయాలి. సమేరియానికి కూడా 144 ద్రవ్యరాశి గల ఐసోటోపు ఉంది, అది మిగిలిపోతే నియోడిమియం-144 లెక్క తప్పుతుంది. ఇక్కడ వాడే ఆమ్లం గాఢత 0.2 నార్మల్ చుట్టుపక్కల ఉంటుంది, అందులో కాస్త తేడా వచ్చినా మూలకం బయటికి వచ్చే మిల్లీలీటరు మారిపోతుంది. అందుకే కొత్త ఆమ్లం చేసిన ప్రతిసారీ గొట్టాలను మళ్లీ పరీక్షించుకోవాలి. పన్నెండు గొట్టాల ముందు రోజంతా నిలబడి, ఏ గొట్టానికి ఎన్నో మిల్లీలీటరు పడిందో గీతలు పెట్టుకుంటూ ఉండే ఆ పనిలో ఎవరూ పలకరించకూడదన్నది మా మధ్య అలిఖిత నియమం.

ఆఖరుకు నియోడిమియం పాత్ర అడుగున కంటికి కనిపించని మరకగా మిగులుతుంది, కొన్ని వందల నానోగ్రాములు. దాన్ని ఒక మైక్రోలీటరు ఆమ్లంలో తీసుకొని, రీనియం లోహపు సన్నని పట్టీ మీద చుక్కగా వేసి, పట్టీలో కరెంటు పెంచుతూ ఆరబెట్టాలి. పట్టీ ఎర్రబడీ పడకముందే ఆపాలి. చేయి వణికి చుక్క అంచులకు పాకితే సంకేతం నిలకడగా రాదు. నా మొదటి ఆరు చుక్కల్లో నాలుగు అలాగే పాకాయి. అటువంటి 21 పట్టీలను ఒక చక్రానికి బిగించి, టిమ్స్ అని పిలిచే థర్మల్ అయనీకరణ యంత్రంలో పెట్టి, శూన్యం కుదిరేదాకా రాత్రంతా వదిలేస్తాము.

టిమ్స్ స్వభావం ఐసీపీ-ఎంఎస్‌కు పూర్తిగా విరుద్ధం, అది తొందరపడదు. పట్టీని మెల్లగా వేడిచేస్తే ఆవిరైన నియోడిమియం, ఎదురుగా సుమారు 1,700 డిగ్రీల దగ్గర వెలిగే మరో పట్టీని తాకి అయాన్లుగా మారి, అయస్కాంతంలో వంగి, ద్రవ్యరాశుల వారీగా పక్కపక్కనే ఉన్న లోహపు గిన్నెల్లో ఒకేసారి పడుతుంది. ఒక్కో నమూనాకు గంటకు పైగా, నూటయాభైకి మించిన కొలతలు. చేటతో చెరిగేటప్పుడు తేలిక పొట్టు ముందు ఎగిరినట్టు, తేలిక ఐసోటోపు ముందుగా ఆవిరవుతుంది. అందువల్ల నిష్పత్తి గంటలోనే మెల్లగా జరుగుతుంది. దాన్ని సరిచేయడానికి, ప్రకృతిలో మారదని అందరూ ఒప్పుకొన్న నియోడిమియం-146, 144ల నిష్పత్తిని 0.7219గా తీసుకొని మిగతావాటిని దానికి తగ్గట్టు సవరిస్తారు. యంత్రం ఆ రోజు నిజాయతీగా ఉందో లేదో జేఎన్‌డీఐ-1 అనే ప్రమాణం చెబుతుంది, దానికి 0.512115 రావాలి. మొదటి రాత్రి తెర మీద ఐదో దశాంశం నిలబడి, ఆరో దశాంశం మాత్రమే కదులుతూ ఉండటం చూస్తూ తెల్లవారేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఫలితాలు నేను కోరుకున్నంత చక్కగా రాలేదు. గ్రాఫులో రుబీడియం-స్ట్రాన్షియం చుక్కలు చెల్లాచెదురుగా పడ్డాయి. కోట్ల ఏళ్లలో పగుళ్ల వెంట పారిన నీటికి ఆ రెండు మూలకాలూ సులువుగా కదిలిపోతాయి కనుక అది ఊహించినదే. నియోడిమియం మాత్రం ఒక గీత మీదికి వచ్చింది. ఆ గీత వాలే వయసును చెబుతుంది, అది 237 కంటే 217 కోట్ల వైపే మొగ్గింది. దోషపు పరిధి మాత్రం ఆ రెంటినీ పూర్తిగా విడదీసేంత చిన్నది కాలేదు. థీసిస్‌లో ఆ వాక్యాన్ని అలాగే రాశాను. గీతకు దూరంగా నిలిచిన 17వ నమూనాను తీసేస్తే దోషం తగ్గుతుంది. కానీ తీసేయడానికి, అది గీతకు దూరంగా ఉందన్నది తప్ప వేరే కారణం నా దగ్గర లేదు. మూడోసారి కరిగించి చూసినా అది అక్కడే నిలిచింది.

అందుకని ఇప్పుడు మరో దారి పట్టాను. డోలరైట్‌లో బాడెలియైట్ అనే జిర్కోనియం ఆక్సైడు ఖనిజం అక్కడక్కడ ఉంటుంది. పుట్టినప్పుడు యురేనియాన్ని తీసుకొని సీసాన్ని దాదాపు దరిచేరనివ్వని ఆ ఖనిజంతో వయసు చాలా కచ్చితంగా తేలుతుంది, పులివెందుల సిల్లు వయసు తేలింది దానితోనే. ఆ డైకు మధ్యభాగం నుంచి, రైతు బోరు పడదన్న వైపునుంచి, కొత్తగా తెచ్చిన రాయిని పొడి చేసి, నీళ్ల బల్ల మీద ఊపి, బరువైనదాన్ని మిగుల్చుకొని, మైక్రోస్కోపు కింద గోధుమరంగు పలుకుల కోసం వెతుకుతున్నాను. కిలో రాయికి నిన్నటిదాకా పదకొండు పలుకులు దొరికాయి, పెద్దదాని పొడవు ఒక వెంట్రుక మందంలో సగం ఉంటుంది.